కూలియు, దానమును

దానము చేయువానిని లోకము మెచ్చును. అధికారమును కోరువానిని లోకము పరీక్షించును. ఈ రెండు పనులను ఒక్కడే, ఒక్క కాలమున, ఒక్క చేతితో చేయునపుడు మెప్పును పరీక్షయు ఒకదానితో నొకటి కలిసిపోవును. అన్నము పెట్టినవానిని ప్రశ్నించుటకు నోరు రాదు. ప్రశ్నింపబడనివాని చేతికి అధికార మిచ్చుటకంటె దేశమునకు అపాయకరమైనది లేదు. ఈ చిక్కు ఎన్నికలు జరుగు ప్రతి దేశమునను ఉన్నదే. అయినను దీని ఆద్యంతములు స్పష్టముగా కానవచ్చు చరిత్ర యొకటి దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశమున జరిగినది. ఐదు పర్యాయములు అధ్యక్షపదవికి పోటీచేసి, ఐదు పర్యాయములును ఓడిపోయిన కోటీశ్వరుడు ఆల్వరో నోబోవా చరిత్ర అది. ఆయన ఓటములు ఆ దేశీయులకు తెలిసినవే. ఆయన దానములనుండి నేర్వవలసినది మనకును గలదని తోచి, ఆ వృత్తాంతమును మా పాఠకుల యెదుట ఉంచుచున్నాము.

ఈక్వడార్ భూమధ్యరేఖపై నున్న దేశము. ఆ రేఖకు స్పానిషు భాషలో గల పేరే దేశమునకును పేరైనది. జనసంఖ్య సుమారు కోటి ఎనుబది లక్షలు. ఆండీస్ పర్వతములపై రాజధాని క్విటో. తీరప్రాంతమున గ్వయాకిల్ అను గొప్ప రేవుపట్టణము. పర్వతసీమకును తీరసీమకును నడుమ రాజకీయములలో చిరకాలపు స్పర్ధ కలదు. తీరసీమ మైదానములలో అరటితోటలు క్రోసుల పొడుగున వ్యాపించియున్నవి. 1950 తరువాతి దశాబ్దమునుండి అరటిపండ్ల ఎగుమతిలో ప్రపంచమున ఆ దేశమునకే అగ్రస్థానము. మన గోదావరి లంకలలో అరటి పలు పంటలలో ఒకటి. ఈక్వడార్ తీరమున అది జీవనాధారము.

అరటి వ్యాపారమున తోట ఒక యెత్తు, ఓడ ఒక యెత్తు. గెల కోసిన క్షణమునుండి దినములు లెక్కపెట్టుకొనవలసిన సరకు అది. పచ్చికాయగా కోసి, కడిగి, సుమారు 18 కిలోల పెట్టెలలో సర్ది, చల్లని గదులుగల ఓడలపై ఐరోపాకును ఉత్తర అమెరికాకును పంపవలెను. చిన్న రైతునకు ఓడ లేదు. సరకు నిలువచేయు శక్తి లేదు. కావున ఓడయు, పెట్టెయు, విపణిలో పేరును గలవాడు చెప్పినదే ధర. ఒక పెట్టెకు ఇంతకు తక్కువ ఇయ్యరాదని ప్రభుత్వము ధర నిర్ణయించును గాని, ఆ ధర తమ చేతికి రాదని చిన్న రైతుల మొర చాలకాలముగా వినబడుచున్నది. ఎగుమతిదారు బలమెంతటిదో దీనివలననే తెలియును.

ఈ వ్యాపారమున లూయీస్ నోబోవా నరంజో మేరువువంటివాడు. 1916లో అంబాటో పట్టణమున జన్మించి, పేదరికమున పెరిగి, బాల్యముననే పనిలో చేరి, తుదకు దేశమున కెల్ల ధనవంతుడయ్యెను. 1994లో ఆయన మరణించిన పిమ్మట బిడ్డలమధ్య ఆస్తి వ్యాజ్యములు విదేశ న్యాయస్థానముల కెక్కినవి. ఆ తగవులు ముగియుసరికి ప్రధానమైన వ్యాపారములు 1950లో జన్మించిన కుమారుడు ఆల్వరో వశమైనవి. తోటలు, ఓడలు, పెట్టెల కర్మాగారములు, బియ్యపు మరలు, బొనీటా అను ముద్రతో ప్రపంచమున అమ్ముడుపోవు అరటిపండ్లు, ఇన్నియు ఆయన చేతిలో చేరినవి. తండ్రి ధనమును ఆర్జించెను. కుమారుడు దానికి అధికారమును జోడింపదలచెను.

ఆయన దానములకు లోటు లేదు. నవమానవతా ఉద్యమము అను అర్థమిచ్చు పేరుతో ఒక ధర్మసంస్థను నడిపెను. ఆయన భార్య అనబెల్లా అసీన్ వైద్యురాలు. ఆమె నాయకత్వమున వైద్యబృందములు పేదల వాడలకును, పల్లెలకును పోయి, ఉచితముగా చికిత్స చేసి, మందులు పంచిపెట్టెను. ఈ సేవవలన ఉపశమనము పొందినవారు వేలకొలది కలరు. దానిని మేము తక్కువచేసి చెప్పము. రోగికి మందు అందినపుడు ఇచ్చినవాని ఉద్దేశము ఎట్టిదైనను రోగము తగ్గును. అయితే ఎన్నికలు సమీపించినకొలదిని ఈ దానములకు రంగస్థల మేర్పడెను. సభావేదికపై చక్రాల కుర్చీలు వరుసగా నిలిచెను. నడువలేనివారిని వేలమంది చూచుచుండగా వానిలో కూర్చుండబెట్టిరి. గణనయంత్రములు, మందులు, డబ్బు పంచిరి. దాత చేతిలో బైబిలు గ్రంథము. నోట దేవుని పేరు. జనుల యెదుట మోకరిల్లి వోటు యాచించెను. తాను భగవంతుడు పంపినవాడనని చెప్పుకొనెను. ఏడాదికి మూడు లక్షల యిండ్లు కట్టింతునని వాగ్దానము చేసెను.

ఆయన పోటీల లెక్కను కొంచెము వివరముగా చూడవలెను. దానముల విలువ ఆ లెక్కలోనే బయటపడును. 1998లో మొదటిసారి నిలిచెను. జమీల్ మాహువాద్‌తో రెండవ విడత పోటీలో నూటికి 48.8 వోట్లు సంపాదించి, కొద్దిలో ఓడెను. మాహువాద్ పాలనలో 1999లో బ్యాంకులు కూలినవి. ప్రజల నిలువధనమును ప్రభుత్వము స్తంభింపజేసెను. 2000 జనవరిలో దేశపు నాణెమైన సూక్రెను విడిచి అమెరికా డాలరును స్వీకరింపనున్నట్లు ప్రకటన వెలువడెను. ఆ నెలలోనే అధ్యక్షుడు పదవీభ్రష్టుడయ్యెను. లక్షలాది జనులు పొట్టచేతబట్టుకొని స్పెయినునకును, ఇటలీకిని, అమెరికాకును వలసపోయిరి. ఇట్టి దుర్దినములలో సంపన్నుని చేతిసంచి పేదలకు ప్రభుత్వమువలె కనబడుట వింత కాదు. 2002లో సొంతపార్టీని స్థాపించి మరల నిలిచెను. సైనికాధికారిగా నుండిన లూసియో గుటియెర్రెస్ చేతిలో ఓడెను. ఈసారి ఆయనకు వచ్చినవి నూటికి 45 వోట్లు.

2006 ఎన్నిక ఆయన జీవితమున గొప్ప సమరము. అక్టోబరులో జరిగిన మొదటి విడతలో నూటికి 26.8 వోట్లతో అందరికంటె ముందు నిలిచెను. ఆర్థికశాస్త్రవేత్తయైన రఫాయెల్ కొర్రేయా 22.8 వోట్లతో రెండవవాడు. గెలుపు చేతికి చిక్కినట్లే తోచెను. నవంబరు 26వ తేదీన ఫలితము తారుమారయ్యెను. కొర్రేయాకు నూటికి 56.67, నోబోవాకు 43.33. దేశమున కెల్ల ధనికుడు, దేశమున కెల్ల దాత, చేతులు చాచి నిలువగా, ఆ చేతులనుండి పుచ్చుకొన్నవారిలో అనేకులు మరియొకనికి వోటు వేసిరి.

దీనిని కృతఘ్నత యని కొందరు అనవచ్చును. మేము అట్లనుకొనము. ఈక్వడార్‌లో 18 మొదలు 65 సంవత్సరముల వయస్సుగలవారికి వోటు వేయుట చట్టము విధించిన కర్తవ్యము. కావున నిరుపేదయు ఇంట కూర్చుండుటకు వీలులేదు; ఎవరినో ఒకరిని ఎంచుకొనవలెను. పేదవాడు ఆకలికి అన్నము పుచ్చుకొనెను, రోగమునకు మందు పుచ్చుకొనెను, వోటును మాత్రము తన యెద్దనే యుంచుకొనెను. కానుకకును వోటునకును నడుమ దాత కట్టిన వంతెనను పుచ్చుకొన్నవాడు దాటలేదు. పేదవాని వివేకమును గూర్చి ధనికులలో గల చులకన భావము ఎంత నిరాధారమో ఆ నవంబరు దినము చాటినది. అట్లని నూటికి 43 వోట్లు స్వల్పమని భావింపరాదు. దానము కొనలేదు గాని, దాదాపు కొనెను. ఆ "దాదాపు" అను మాటయే మనలను ఆలోచింపజేయుచున్నది.

ఇక దాతయొక్క తోటలలోనికి పోదము. మానవహక్కుల పరిశీలనకై ఏర్పడిన హ్యూమన్ రైట్స్ వాచ్ అను సంస్థ 2002 ఏప్రిలులో ఈక్వడార్ అరటితోటలను గూర్చి ఒక నివేదికను ప్రకటించెను. ఆ సంస్థవారు తోటలలో పనిచేసిన 45 మంది పిల్లలను విచారించిరి. వారిలో 41 మంది ఎనిమిదికిని పదుమూడుకును నడుమ వయస్సున పనిలో చేరినవారు. దినమునకు సగటున 12 గంటల పని. సగటున కూలి మూడున్నర డాలర్లు. చట్టము విధించిన కనీస కూలిలో ఇది నూటికి 60 పాళ్లు మాత్రమే. విమానములనుండి తోటలపై పురుగులమందు చల్లుచుండగనే పిల్లలు క్రింద పనిచేయుచుండిరి. ఈ తోటలనుండి సరకు కొనువారు ఒక్క నోబోవాయే కాదు. అమెరికా దేశపు పెద్ద సంస్థలును కలవు. న్యాయముగా చెప్పవలెనన్న ఈ పాపమున పాలుగలవారు పలువురు. అయితే వారిలో అధ్యక్షపదవికి నిలిచినవాడును, పేదల రక్షకుడనని చెప్పుకొన్నవాడును ఒక్కడే.

ఆ సంవత్సరముననే నోబోవా సంస్థకు చెందిన లాస్ ఆలమోస్ తోటలలో వెయ్యికి పైగా కూలీలు కార్మికసంఘముగా ఏర్పడిరి. వారు కోరినవి విపరీతములు కావు. చట్టప్రకారము కూలి, అదనపు గంటలకు అదనపు వేతనము, వైద్యసహాయము, సంఘమునకు గుర్తింపు. కొందరు పనినుండి తొలగింపబడిరి. మే నెలలో సమ్మె మొదలయ్యెను. మే 16వ తేదీ తెల్లవారకమునుపే ముసుగులు ధరించిన సాయుధులు వందల సంఖ్యలో వచ్చి కూలీల యిండ్లపై పడిరి. తుపాకులు ప్రేలినవి, పలువురు గాయపడిరి. ఒకని కాలు తీసివేయవలసివచ్చెను. ఆ సాయుధులను పంపినదెవరో తీర్పు చెప్పుటకు మేము న్యాయస్థానము కాము. కాని కూలికై అడిగినవాడు కాలు పోగొట్టుకొనినది ఆ తోటలో. ఐదు నెలలకు అధ్యక్షాభ్యర్థిగా వోటు అడిగినది ఆ తోటకు చెందిన సంస్థ యజమాని. కాళ్లు లేనివారికి చక్రాల కుర్చీలు పంచు దాతయు ఆయనయే. ఈ మూడు వాక్యములకు మేము వ్యాఖ్యానము చేయనక్కరలేదు.

మన పెద్దలు దానమునకు మూడు షరతులు విధించిరి. దేశమును, కాలమును, పాత్రమును చూచి ఈయవలెను. ప్రత్యుపకారమును కోరి ఇచ్చునది సాత్త్వికదానము కాదు. వీనికి ముందుగా చెప్పనక్కరలేని షరతు మరియొకటి కలదు: ఇచ్చు సొమ్ము ఇచ్చువానిదై యుండవలెను. ఇంకొకరికి చెల్లింపవలసిన దానిని తన పెట్టెలో నుంచుకొని, దానిలో కొంత తీసి పంచుట దానము కాదు. అది బాకీలో ఒక భాగమును బాకీగా కాక ఉపకారముగా చెల్లించుట. కూలి యిచ్చునపుడు పుచ్చుకొనువాడు తలయెత్తుకొని నిలుచును. దానమిచ్చునపుడు తలవంచును. ఇచ్చు సొమ్ము ఒక్కటియే కావచ్చును; పుచ్చుకొనువాని తల నిలుచు ఎత్తులో భేదము కలదు. అధికారమును కోరువానికి వంగిన తలలతోనే పని.

లెక్క వేసి చూడుడు. మూడున్నర డాలర్ల కూలి చట్టప్రకారము రావలసిన దానిలో నూటికి అరువది పాళ్లు అన్నయెడల, ఒక్క బాలుని విషయమున దినమునకు సుమారు రెండు డాలర్ల ముప్పది సెంట్లు తక్కువపడినవి. ఏడాదికి మూడువందల పనిదినములని యనుకొన్న, ఆ తక్కువ ఏడువందల డాలర్ల దరిదాపున తేలును. సామాన్యమైన చక్రాల కుర్చీ వెల దీనికంటె చాల తక్కువ. మూడువందల దినములు మేము అనుకొన్న అంకె యగుటచే ఇది స్థూలమైన లెక్క. పిల్లలను పనిలో పెట్టుకొనుటయే తప్పనుట ఒక ప్రక్కనుంచినను, న్యాయమైన కూలి యిచ్చిన కుటుంబమునకు దాత వేదిక నెక్కి తెచ్చుకొనవలసిన వస్తువులు కొన్ని తమంతట తామే కొనుక్కొనగల శక్తి వచ్చును. ఆ శక్తి వచ్చిన కుటుంబము సభకు వచ్చి మోకరిల్లినవానిని చూచి నవ్వగలుగును.

నోబోవాను ఓడించిన ప్రభుత్వము ఈ చక్రాల కుర్చీని ఏమిచేసెనో చూచుట అవసరము. కొర్రేయాతో ఉపాధ్యక్షుడుగా ఎన్నికైన లెనీన్ మొరేనో తానే నడువలేనివాడు. 1998లో దొంగలు కాల్చుటచే వెన్నునకు దెబ్బతగిలి, అప్పటినుండి చక్రాల కుర్చీలోనే యున్నాడు. ఆయన 2009లో మాన్వెలా ఎస్పేహో పేరిట ఒక కార్యక్రమమును ఆరంభించెను. వైద్యులును కార్యకర్తలును దేశమంతట ఇల్లిల్లు తిరిగి అంగవైకల్యముగలవారిని లెక్కించిరి. చీకటిగదులలో దాచబడినవారు, ఏ లెక్కలోను లేనివారు బయటపడిరి. సుమారు 2,94,000 మంది పేర్లు నమోదైనవి. ఎవనికేమి అవసరమో వ్రాసికొని, చక్రాల కుర్చీ, పడక, వినికిడి యంత్రము అందించిరి. తీవ్రమైన వైకల్యము గలవానిని ఇంట కనిపెట్టియుండువారికి 2010 నుండి నెలకు 240 డాలర్ల భృతి ఏర్పరచిరి.

కుర్చీ అదియే. చక్రములు అవియే. కాని మొదటి కుర్చీని సంపాదించుటకు కుంటివాడు సభకు పోవలెను. రెండవదానిని అందించుటకు ప్రభుత్వము వాని యింటికి వచ్చెను. మొదటిది ఎవరికి దొరకునో దాత యిష్టము. రెండవది అవసరమును బట్టి దొరకును. మొదటిదానిలో ఎక్కినవాడు దాతకు ఋణపడెను. రెండవదానిలో ఎక్కినవాడు పన్ను కట్టిన దేశీయులందరికిని ఋణపడెను, అనగా ప్రత్యేకముగా ఎవరికిని తలవంచనక్కరలేదు. ధర్మమునకును హక్కునకును గల భేదమును ఇంతకంటె తేటగా చూపు నిదర్శనము మాకు కానరాలేదు.

అట్లని ప్రభుత్వపు చేతినుండి వచ్చినదంతయు పవిత్రమని మేము చెప్పబోము. కొర్రేయా కాలమున చమురు ధరలు హెచ్చుగా నుండుటచే బొక్కసము నిండియుండెను. పేద తల్లులకు నెలనెల ఇచ్చు భృతిని 2007లో 30 డాలర్లకు, 2009లో 35 డాలర్లకు, 2013లో 50 డాలర్లకు పెంచిరి. ఈ చివరి పెంపు ఎన్నికకు నెలదినముల ముందు అమలులోనికి వచ్చెను. తన సొమ్ము పంచి వోటు అడుగువాడు ఒక విధమున నయము. జనుల సొమ్ము జనులకే పంచి తన పేర వోటు అడుగువాని విషయమున మరింత జాగరూకత కావలెను. పదవి విడిచిన తరువాత 2020లో కొర్రేయా లంచముల వ్యవహారమున దోషిగా నిర్ణయింపబడి, ఎనిమిది సంవత్సరముల కారాగారశిక్షకు పాత్రుడయ్యెను. అప్పటికే బెల్జియమున నివసించుచు, ఇది రాజకీయపు కక్షయని వాదించెను. ధనికుని సంచినుండి తప్పించుకొన్న ప్రజలు అధికారి సంచి విషయమున నిద్రపోరాదని దీనినుండి నేర్చుకొనవలెను.

నోబోవా దానముల ధర క్రమముగా పడిపోయెను. 2009లో భార్యను ఉపాధ్యక్షపదవికి అభ్యర్థినిగా తోడు నిలుపుకొని పోటీచేయగా నూటికి 11 వోట్లు వచ్చినవి. 2013లో నాలుగుకూడ రాలేదు. కొర్రేయా జనాదరణమే దీనికి ముఖ్యకారణమని ఒప్పుకొందుము. అయినను మరియొక కారణము మాకు తోచుచున్నది. హక్కుగా ఇంటికి వచ్చుచున్న వస్తువునకై వేదికయొద్ద చేయి చాచువారు తగ్గిపోవుట సహజము. ఆకలియున్నంతవరకే అన్నదాతకు కిరీటము.

ఈ లోపల పన్నుల వ్యవహారము బయటపడెను. ఆయన అరటి ఎగుమతి సంస్థ 2005 సంవత్సరమునకు చెల్లింపవలసిన ఆదాయపు పన్ను, దానిపై వడ్డీ, జరిమానా కలిపి కోట్లాది డాలర్ల బాకీ పడినదని ప్రభుత్వ పన్నుల శాఖ తేల్చెను. వ్యాజ్యములు నడచెను. తుదకు లాస్ రీయోస్ మండలమున ఆయనకు గల లా క్లెమెంతీనా అను పదివేల హెక్టార్లకు మించిన మహాక్షేత్రమును ప్రభుత్వము జప్తుచేసి, 2013లో వేలము వేసెను. ప్రభుత్వ బ్యాంకు ఇచ్చిన అప్పుతో అక్కడి కూలీల సంఘమే దానిని కొనెను. ఇది రాజకీయ వేధింపు అని నోబోవా పక్షమువారు వాదించిరి. ఆ వాదమున ఎంత నిజమున్నను, ఒక ప్రశ్న మిగిలియున్నది. పన్ను అనగా దేశమందలి రోగులకు, విద్యార్థులకు, కుంటివారికి ధనవంతుడు చట్టప్రకారము చేయవలసిన చెల్లింపు. దానికి రసీదు కలదు గాని చప్పట్లు లేవు. చప్పట్లున్న చోట చేయి విప్పి, రసీదున్న చోట చేయి ముడుచుకొనువానిని దాత యని ఎట్లు పిలువగలము?

2021 ఎన్నికకును ఆయన నిలువ యత్నించెను గాని అభ్యర్థిత్వము నమోదు కాలేదు. ఆయన కథ అక్కడ ముగిసినను వంశపు కథ ముగియలేదు. 2023 మే నెలలో అధ్యక్షుడు గియ్యెర్మో లాస్సో శాసనసభను రద్దుచేయగా మధ్యంతర ఎన్నిక వచ్చెను. అంతకు పూర్వమునుండియు మాదకద్రవ్యపు ముఠాల దౌర్జన్యమున రేవుపట్టణములు తల్లడిల్లుచుండెను. ఆగస్టు 9వ తేదీన ఫెర్నాండో వియ్యవిసెన్సియో అను అభ్యర్థిని సభనుండి వెలుపలికి వచ్చుచుండగా కాల్చి చంపిరి. ఆ భీతివాతావరణమున ఆల్వరో కుమారుడు డానియెల్ నోబోవా అక్టోబరు 15వ తేదీన గెలిచెను. అప్పటికి ఆయన వయస్సు 35 సంవత్సరములు. తండ్రి ఐదుసార్లు కోరి పొందలేని పదవిని కుమారుడు మొదటి పోటీలోనే పొందెను. 2025 ఏప్రిలులో మరల గెలిచెను. గెలుపులకు ప్రధానకారణము శాంతిభద్రతల సమస్య యనుట నిజము. అయితే 2025లో రెండు విడతల నడుమ ప్రభుత్వము పలు వర్గములకు నగదు సహాయములను ప్రకటించెను. ఇది బొక్కసముతో వోట్లు కొనుటయేనని ప్రతిపక్షములు ఆక్షేపించెను. తండ్రి పంచినది సొంత పెట్టెలోనిది. కుమారుని కాలమున పంచబడినది ప్రజల పెట్టెలోనిది. ముందుముందు ఆ దేశీయులు ఎక్కువగా కనిపెట్టియుండవలసినది ఈ రెండవ పెట్టెనే.

ఇన్ని విషయములను వ్రాయుట ఒక పరదేశపు ధనికుని నిందించుటకు కాదు. ఆయన అంతరంగమును తూచు త్రాసు మా వద్ద లేదు. దానము చేసి పదవి కోరువాడు మన యెదుటికి వచ్చినపుడు వానిని ఏ ప్రశ్నలు అడుగవలెనో ఈ చరిత్ర మనకు నేర్పుచున్నది. మొదటి ప్రశ్న: నీ చేలో, నీ మరలో పనిచేసినవానికి పూర్తి కూలి ముట్టినదా? రెండవది: దేశమునకు నీవు చెల్లింపవలసిన పన్ను చెల్లినదా? మూడవది: ఓడిపోయిన మరునాడు ఈ దానము నడచునా? నాలుగవది: నీవిచ్చుచున్నది రేపు నిన్నడుగకయే ప్రజలకు హక్కుగా లభించు ఏర్పాటునకు నీవు సమ్మతింతువా? మొదటి మూడింటికిని ధనికుడు ఎట్లో జవాబు చెప్పుకొనవచ్చును. నాలుగవ ప్రశ్నయొద్దనే దాతయు వర్తకుడును వేరగుదురు. నిజమైన దాత తన దానము అక్కరలేని దినము రావలెనని కోరును. వోట్ల వర్తకుడు ఆ దినమునకు వెరచును.

మన దేశమున 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము వోటునకై కానుక యిచ్చుటను లంచముగా పరిగణించి, అట్టి ఎన్నికను రద్దుచేయు అధికారమును న్యాయస్థానమున కిచ్చినది. చట్టము మంచిదే. కాని చట్టము ఎన్నికల దినములలో ఇచ్చిన కానుకను పట్టుకొనగలదు గాని, ఏండ్ల తరబడి కూలిలో కోసి మిగిల్చిన సొమ్మును పట్టుకొనలేదు. ఆ పని వోటరులును, భూస్వాములును, వర్తకులును తమంతట తాము చేయవలసినది.

భూమిగలవారును వ్యాపారముగలవారును మా పాఠకులలో పలువురు కలరు. వారిలో పాఠశాలలకు, సత్రములకు, ఆసుపత్రులకు ధనమిచ్చినవారున్నారు, ఇచ్చుచున్నవారున్నారు. వారి ఔదార్యము తగ్గవలెనని మేము కోరము. ప్రజాసేవకై ఎన్నికలలో నిలువవలదనియు చెప్పము. మేము మనవిచేయునది ఒక్కటియే. దానపు పద్దు వ్రాయుటకు ముందు కూలి పద్దు చూచుకొనవలెను. అందులో బాకీ ఏమియు లేదని తేలిన పిమ్మట ఎంత యిచ్చినను అది దానమే. బాకీ మిగిలియుండగా ఇచ్చినది ఎంత గొప్పదైనను, పుచ్చుకొనువాని సొమ్మును వానికే చూపి వోటు అడుగుటయే యగును.